ముసలిదైపోయిందిలే అనుకున్నాం.. రాత్రి వీడియో చూసేదాకా!

ఈరోజు ఎపిసోడ్ మా ఇంట్లో ఉన్న ఒక గోల్డ్‌ఫిష్ గురించి. పేరు గుమ్మడి. రంగు చూసినా, ఆకారం చూసినా గుమ్మడికాయే, అందుకే మా నాయనమ్మ ఆ పేరు పెట్టింది. వయసు పదకొండేళ్లు. "ఒక చేప మీద ఎపిసోడ్ ఏంటి బ్రో" అనుకునేవాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. ఇంట్లో అక్వేరియం ఉన్నవాళ్లయితే మాత్రం చివరిదాకా వినండి. ఎందుకంటే నేను చేసిన తప్పు చాలా ఇళ్లల్లో ఇప్పుడు కూడా జరుగుతూ ఉంటుంది. చేస్తున్నవాళ్లకి తెలియదు, నాకూ తెలియలేదు.

నేను ఇంటర్ సెకండియర్‌లో ఉన్నప్పుడు విజయవాడలో ఒక షాపులో కొన్నాను దాన్ని. ఒరాండా అంటారు ఈ రకాన్ని. తల మీద చిన్న టోపీ పెట్టినట్టు కండ ఉంటుంది. ఒళ్లు గుండ్రంగా, తోక రెండు పొరలుగా ఉంటుంది. అందంగా ఉంటుంది కానీ ఈతలో వీక్. మామూలు చేపలా సర్రున దూసుకెళ్లలేదు. ఊగుతూ ఊగుతూ వెళ్తుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

అప్పుడది నిమ్మకాయంత ఉండేది. గుండ్రటి గాజు గిన్నెతో సహా ఇచ్చారు. నేను కూడా అందులోనే ఉంచా. అది మొదటి తప్పు. ఆ గిన్నెలో దాని వ్యర్థాలు దానికే విషమవుతాయి. రెండు వారాలకే పైకొచ్చి నోరు తెరుస్తుంటే భయమేసి, నాన్నని బతిమాలి తొట్టి కొనిపించా. ఇప్పుడున్నది మూడడుగుల తొట్టి, 150 లీటర్లు పడుతుంది.

గోల్డ్‌ఫిష్ అంటే ఏడాదో రెండేళ్లో బతికే చేప అని చాలామంది అనుకుంటారు. కాదండీ. సరిగ్గా చూసుకుంటే పది, పదిహేనేళ్లు బతుకుతుంది. ఇంగ్లండ్‌లో టిష్ అనే గోల్డ్‌ఫిష్ ఉండేది. 1956లో ఒక జాతరలో బహుమతిగా వచ్చింది. 1999లో చనిపోయింది. అంటే 43 ఏళ్లు! గిన్నిస్ రికార్డు కూడా ఉంది. కాబట్టి మన ఇంట్లో చేప ఆరు నెలలకే పోయిందంటే "దాని ఆయుష్షు అంతే" అనేయకండి.

సరే, అసలు విషయానికొద్దాం. పదో ఏడు దాటాక గుమ్మడిలో మార్పులు మొదలయ్యాయి. ముందు రంగు కొంచెం పాలిపోయింది. ఒక కంటి మీద మసకలాంటిది వచ్చింది. తల మీద కండ పెరిగి రెండో కంటికి సగం అడ్డమొచ్చింది. మేత వేస్తే ముందు గింజ దాటిపోయి, మళ్లీ వెనక్కొచ్చి వెతుక్కునేది. ఇవన్నీ నెలల తరబడి మెల్లగా వచ్చాయి. సరే, వయసు కదా అనుకున్నాం. అందులో తప్పు లేదు కూడా. అది నిజంగానే వయసు.

కానీ ఆ తర్వాత ఇంకో రకం మార్పులు వచ్చాయి. ఒకరోజు పొద్దున లేచి చూస్తే కుడి పక్కన నాలుగైదు పొలుసులు లేవు. రూపాయి బిళ్లకంటే చిన్నగా, గుండ్రంగా ఒక తెల్ల మచ్చ, చుట్టూ ఎరుపు. తోక చివర చిరిగింది. మేత వేసినా రాలేదు. ఫిల్టర్ వెనకాల, గాజుకీ పైపుకీ మధ్య సందులో ఇరుక్కుని నిలబడి ఉంది. ఆ సందులో దానికి తిరగడానికి కూడా చోటు లేదు.

ఇంట్లో అందరం ఒకటే మాట. "ముసలిదైపోయిందిలే రా." అమ్మ అదే అంది, నాన్న అదే అన్నాడు, ఫ్రెండ్స్ అదే అన్నారు. ఒకడైతే "పదకొండేళ్లంటే చాలా ఎక్కువ మామా, రెడీగా ఉండు" అన్నాడు. షాపుకెళ్లి ఫొటో చూపిస్తే అక్కడ కూడా ఏజ్ అన్నారు. అంటూనే ఒక నీలం మందు సీసా చేతిలో పెట్టారు. దాన్ని తెచ్చి నేరుగా తొట్టిలో పోసేశా. అది మిథిలీన్ బ్లూ. ఆ మందు వల్ల ఫిల్టర్‌లో ఉండే మంచి బ్యాక్టీరియా కూడా చచ్చిపోతుందని నాకప్పుడు తెలియదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఇది చెప్పాలి. చేప వదిలే వ్యర్థాల నుంచి నీళ్లలోకి అమ్మోనియా వస్తుంది. అది విషం. ఫిల్టర్ స్పాంజిలో పెరిగే బ్యాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ సున్నా ఉండాలి. చివరిది కొంచెం ఉన్నా పర్లేదు, వారం వారం నీళ్లు మారుస్తాం కాబట్టి. అంటే మీ ఫిల్టర్ కేవలం చెత్త పట్టే జల్లెడ కాదు. అందులో ప్రాణం ఉంది. నేను మందు పోసి దాన్ని చంపేశా. మూడో రోజు టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా కనిపించింది. గాయంతో ఉన్న ముసలి చేపకి నేను విషం కూడా కలిపా అన్నమాట. రోజూ సగం నీళ్లు మార్చి మార్చి, వారం పైనే పట్టింది మళ్లీ సున్నాకి రావడానికి.

నీళ్లు బాగయ్యాయి. కానీ గుమ్మడి బాగవ్వలేదు. ఇంకో మచ్చ వచ్చింది, ఈసారి ఎడమ పక్కన.

ఇప్పుడు మీకు తొట్టిలో ఉన్న రెండో చేప గురించి చెప్పాలి. రెండేళ్ల కిందట ఒక సక్కర్ ఫిష్ తెచ్చా. మీరు చూసే ఉంటారు. నల్లగా, ఒంటి మీద మచ్చలతో, గాజుకి నోరు అతికించుకుని ఉంటుంది. షాపుల్లో "ట్యాంక్ క్లీనర్ అండీ, నాచు మొత్తం తినేస్తుంది, మేత కూడా అక్కర్లేదు" అని అమ్ముతారు. నేను కూడా అదే నమ్మా. తెచ్చినప్పుడు రెండంగుళాలు. ఈ కథ జరిగేటప్పటికి పదంగుళాలు దాటింది. పగలంతా పైపు ముక్కలో దూరి పడుకునేది. పాపం ఎవరి జోలికీ పోదు అనుకునేవాళ్లం.

మా నాయనమ్మకి రాత్రిళ్లు నిద్ర పట్టదు. రెండింటికో మూడింటికో లేచి హాల్లో కుర్చీలో కూర్చుంటుంది. ఒకరోజు పొద్దున కాఫీ తాగుతూ అంది: "ఒరే నాన్నా, ఆ నల్లది రాత్రి మన గుమ్మడిని జలగలా పట్టుకుంటోంది రా." నేను నవ్వాను. "అది నాచు తినే చేప నాయనమ్మా, మనుషులు లేచేసరికి క్లీన్ చేసేస్తుంది" అన్నా. రెండు రోజుల తర్వాత మళ్లీ చెప్పింది. అమ్మ ఏమో "అత్తయ్యా, మీకు చీకట్లో సరిగ్గా కనిపించి ఉండదు" అంది. నాయనమ్మ ఇంకేం మాట్లాడలేదు.

చెప్పాలంటే ఈ ఎపిసోడ్‌లో నాకు సిగ్గనిపించే చోటు ఇదే. తొట్టిని రాత్రిపూట చూసిన మనిషి ఇంట్లో ఆవిడొక్కతే. ఆవిడ మాట మాత్రం వినలేదు మేము. చేపకీ ముసలితనమే అన్నాం, ఆవిడకీ ముసలితనమే అన్నాం.

రెండో మచ్చ వచ్చాక నాకు అనుమానం మొదలైంది. వయసు వల్ల వచ్చేది ఇలా ఒక్క రాత్రిలో, ఒక్క చోట, గుండ్రంగా వస్తుందా? అని. ఇంట్లో పాత ఫోన్ ఒకటి ఉంది. దాన్ని స్టూల్ మీద పెట్టి, ఛార్జర్ తగిలించి, తొట్టికి గురిపెట్టి రాత్రి పదకొండింటికి వీడియో ఆన్ చేసి పడుకున్నా. హాల్లో జీరో బల్బు వెలుతురు ఒక్కటే ఉంచా.

పొద్దున ఆ వీడియోని ఫాస్ట్‌గా నడిపిస్తూ చూశా. మొదటి రెండు గంటలు ఏం లేదు. గుమ్మడి అడుగున కదలకుండా ఉంది. చేపలకి రెప్పలుండవు కాబట్టి కళ్లు తెరిచే ఉంటాయి, కానీ అది నిద్ర. ఒంటిగంట దాటాక పైపులోంచి సక్కర్ బయటికొచ్చింది. గాజు మీద పాకింది. రాళ్లు వెతికింది. తర్వాత మెల్లగా వచ్చి గుమ్మడి పక్కకి నోరు అతికించింది. గుమ్మడి ఉలిక్కిపడి ఊగుతూ ముందుకెళ్లింది. ఇది వెనకే వెళ్లింది. మళ్లీ అతికింది. అలా తెల్లవారుజామున నాలుగింటి దాకా, నేను లెక్కపెట్టినవి పద్నాలుగు సార్లు. ఆఖరికి గుమ్మడి వెళ్లి ఫిల్టర్ వెనక సందులో దూరింది. అప్పుడర్థమైంది, అది అక్కడ ఎందుకు నిలబడుతోందో. ఆ సందులోకి పదంగుళాల సక్కర్ పట్టదు.

వీడియో నాయనమ్మకి చూపించా. "నేను చెప్పలా?" అంది అంతే. ఇంకో మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇది ఎందుకు జరుగుతుందో చెప్తా. చేప ఒంటి మీద జిగురు ఉంటుంది కదా, పట్టుకుంటే జారిపోయేది. అది దాని కవచం. బ్యాక్టీరియా, ఫంగస్ లోపలికి పోకుండా ఆపేది అదే. ఆ జిగురులో ప్రొటీన్ ఉంటుంది. సక్కర్ చిన్నప్పుడు నాచు ఎక్కువ తింటుంది. పెరిగేకొద్దీ నాచు ఒక్కటే సరిపోదు. ఆకలితో ఉంటే, పక్కన వెడల్పాటి ఒళ్లున్న మెల్లటి చేప దొరికితే, ఆ జిగురు గీక్కుని తినడం మొదలుపెడుతుంది. గోల్డ్‌ఫిష్, డిస్కస్ లాంటివి దీనికి సులువుగా దొరుకుతాయి. ఒకసారి రుచి మరిగితే మానదు. కుర్ర చేపయితే తప్పించుకుంటుంది. అందుకే మొదటి ఏడాదిన్నర మాకు ఏమీ కనిపించలేదు. గుమ్మడి నెమ్మదించింది, సక్కర్ పెద్దదైంది, రెండూ ఒకేసారి.

మరి తప్పు సక్కర్‌దా? ఆలోచించండి. రెండేళ్లలో నేను దానికి విడిగా ఒక్కసారి కూడా మేత వేయలేదు. "క్లీనర్" అనే మాట విని పనికి పెట్టుకున్నట్టు తెచ్చా, తిండి పెట్టాలన్న ఆలోచనే రాలేదు. అది ఆకలితో తిరిగింది. ఒకదాన్ని ముసలిది అని, ఇంకోదాన్ని క్లీనర్ అని వదిలేశా. రెండింటిలో దేన్నీ సరిగ్గా చూడలేదు.

సరే, ఏం చేశానో వరసగా చెప్తా. మీకు పనికొస్తుంది.

ముందు విడదీయాలి, అదే రోజు. నేను గుమ్మడిని బకెట్‌లోకి మారుద్దామని వల తీశా. నాయనమ్మ ఆపింది. "దాని ఇల్లు రా అది. అదెందుకు పోవాలి?" అంది. నిజమే కదా. ముసలి చేపని, గాయంతో ఉన్నదాన్ని, కొత్త నీళ్లలోకి మార్చడమంటే దానికి ఇంకో దెబ్బ. వెళ్లాల్సింది సక్కర్. వల వేసి పట్టుకోబోతే దాని రెక్క ముళ్లు వలలో చిక్కుకున్నాయి. చివరికి కత్తెరతో వల కత్తిరించాల్సొచ్చింది. మీరు ఆ పని చేయకండి. ప్లాస్టిక్ డబ్బా వాలుగా పెట్టి అందులోకి తోలండి. దాన్ని వెనక వరండాలో 200 లీటర్ల నీలం డ్రమ్ములో పెట్టా. పాత తొట్టిలో అదనంగా నడుస్తున్న స్పాంజి ఫిల్టర్‌ని డ్రమ్ములోకి మార్చా. బ్యాక్టీరియా దానితో పాటే వచ్చేస్తుంది కాబట్టి డ్రమ్ము మొదటిరోజు నుంచే కొంత సిద్ధంగా ఉంటుంది.

రెండోది, శుభ్రమైన నీళ్లు. రోజూ పావు వంతు మార్చా. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ వేయకుండా పోయకూడదు. కొత్త నీళ్లు పాత నీళ్లంత వెచ్చగానే ఉండాలి. ఎండాకాలం ట్యాంకు నీళ్లు కాగిపోయి ఉంటాయి, చేయి పెట్టి చూసుకోండి.

మూడోది, ఉప్పు. ఏమీ కలపని రాళ్ల ఉప్పు. మొదటిరోజు లీటరుకు 1 గ్రాము, అంటే 150 లీటర్లకి 150 గ్రాములు. మగ్గులో కరిగించి మెల్లగా పోశా. చేప బాగానే ఉందని చూసుకుని, మర్నాడు ఇంకో 150 గ్రాములు. అక్కడితో ఆపేశా. ఒకటి గుర్తుంచుకోండి, నీళ్లు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. కాబట్టి ఎన్ని నీళ్లు తీసేశారో వాటికి సరిపడా ఉప్పు మాత్రమే మళ్లీ వేయాలి. తొట్టిలో మొక్కలుంటే ఈ పద్ధతి వద్దు, మొక్కలు పాడవుతాయి. సక్కర్ లాంటి క్యాట్‌ఫిష్‌లు ఉన్న నీళ్లలో కూడా వద్దు, వాటికి ఉప్పు పడదు.

పది రోజుల్లో ఎరుపు తగ్గింది. మూడు వారాలకి మచ్చల మీద కొత్త పొర వచ్చింది. కానీ ఒక విషయం చెప్తా. సక్కర్ వెళ్లిపోయాక కూడా దాదాపు రెండు వారాలు, లైటు తీసేయగానే గుమ్మడి వెళ్లి ఆ ఫిల్టర్ సందులోనే నిలబడేది. గోల్డ్‌ఫిష్‌కి మూడు సెకన్ల జ్ఞాపకశక్తి అని జోకులేస్తారు కదా, అది అబద్ధం. నెలల తరబడి గుర్తుపెట్టుకుంటాయని ప్రయోగాల్లో తేలింది. నాకు ప్రయోగాలు అక్కర్లేదు, మా హాల్లోనే చూశా. ఒకరోజు రాత్రి నాయనమ్మ వచ్చి నన్ను లేపింది. "రా, చూద్దువుగానీ" అని. గుమ్మడి తొట్టి మధ్యలో, అడుగున, బయటే పడుకుని ఉంది.

గాయం మానింది గానీ వయసు అలాగే ఉంది. దానికి తగ్గట్టు కొన్ని మార్చా. పైన తేలే గింజలు మానేసి మునిగే గింజలు, అవి కూడా కాసేపు నీళ్లలో నానబెట్టి, రోజూ ఒకే మూల వేస్తా. కన్ను కనబడకపోయినా చోటు తెలుసు కాబట్టి వచ్చేస్తుంది. వారానికోసారి ఉడికించిన పచ్చి బఠాణీ, తొక్క తీసి. ఫిల్టర్ నీటి ధార గోడ వైపు తిప్పేశా, ఎదురీదే పని లేకుండా. పదునైన రాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు తీసేశా. లైటు ఒక్కసారిగా వేయను, ముందు గదిలో లైటు వేసి, తర్వాత తొట్టిలో వేస్తా. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు.

ఇక సక్కర్ సంగతి. మొదటిరోజు రాత్రి కీరా ముక్కకి స్టీలు ఫోర్కు గుచ్చి డ్రమ్ములో వేశా. తెల్లారేసరికి తొక్క మిగిలింది. మునిగే బిళ్లల మేత కూడా తెచ్చా. దానికి ఇల్లు వెతకాలి. మా బాబాయి వచ్చి "కాలువలో వదిలేయ్ రా, పుణ్యం కూడానూ" అన్నాడు. విజయవాడలో కాలువలకి కొదవ లేదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, ఏదైనా బండి మీద పది నిమిషాలు. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు.

కానీ దయచేసి ఆ పని చేయకండి. ఈ చేప దక్షిణ అమెరికాది. మన దగ్గర దీన్ని డెవిల్ ఫిష్, దెయ్యం చేప అంటున్నారు. ఇలాగే తొట్లలోంచి బయటపడి మన చెరువుల్లో, కాలువల్లో పెరిగిపోయింది. ఒంటి మీద పెంకులాంటి కవచం ఉంటుంది కాబట్టి దీన్ని తినే జీవులు తక్కువ. ఒడ్డుల్లో బొరియలు తవ్వుతుంది. ఆక్సిజన్ తక్కువున్న మురికి నీళ్లలో కూడా పైకొచ్చి గాలి పీల్చి బతికేస్తుంది. ఆ ముళ్లకి నా చిన్న వలే ఆగలేదు, చేపలు పట్టేవాళ్ల వలల సంగతి ఊహించుకోండి. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో దొరికే డీఎన్ఏని పరీక్షించి, తూర్పు కనుమల్లోని నీటి వనరుల్లో ఇది ఎంతగా వ్యాపించిందో చూపించారు కూడా. మనకి పుణ్యం అనిపించేది చేపలు పట్టుకుని బతికేవాళ్లకి నష్టం.

షాపుకి తిరిగిచ్చేయొచ్చు. కానీ వాళ్లు రేపు ఇంకో గోల్డ్‌ఫిష్ ఉన్న ఇంటికే "క్లీనర్" అని అమ్ముతారేమో అని మనసొప్పలేదు. నెల రోజులు డ్రమ్ములోనే పెంచి, వాట్సాప్ గ్రూపులో అడిగి అడిగి, చివరికి ఒకాయన దొరికాడు. ఆరడుగుల తొట్టి, అందులో పెద్ద ఆస్కార్లు. సక్కర్ జోలికొస్తే ఊరుకునే రకం కాదవి. ఇచ్చేటప్పుడు ఒకటే చెప్పా, "రాత్రి లైటు తీసేశాక దీనికి విడిగా మేత వేయండి అన్నా" అని.

మీలో ఎవరికైనా తొట్టి ఉంటే ఒక్క పని చేయండి. తొట్టిలో ఉన్నవి కలిసి బతికేవేనా అని ఒకసారి చూసుకోండి. ఏంజెల్ ఫిష్‌తో టైగర్ బార్బ్‌లు ఉంటే వాటి పొడుగు రెక్కలు కొరికేస్తాయి. గప్పీల్లో ఫైటర్ ఉంటే తరుముతుంది. గోల్డ్‌ఫిష్‌తో సక్కర్ అయితే నా కథ విన్నారుగా. షాపులో అన్నీ ఒకే తొట్టిలో బాగానే ఉన్నాయి కదా అనకండి. అక్కడ ఉండేది కొద్ది రోజులే, పైగా అన్నీ పిల్లలు.

చేప డల్‌గా ఉంటే మందు కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ మార్పు మెల్లగా వచ్చిందా, ఒక్క రాత్రిలో వచ్చిందా? ఒంటికంతా సమానంగా ఉందా, ఒక్క చోటే ఉందా? ఒక్క రాత్రిలో, ఒక్క చోట వచ్చిందంటే వయసు అని సరిపెట్టుకోకండి. ఈ రాత్రి మీ ఫోన్‌ని స్టూల్ మీద పెట్టి వీడియో ఆన్ చేయండి. లేదంటే ఇంట్లో నిద్ర పట్టని పెద్దవాళ్లని అడగండి.

గుమ్మడి ఇప్పుడు ఎలా ఉంది అని అడుగుతారని తెలుసు. ఉంది. ఎన్నాళ్లుంటుందో చెప్పలేను, ఒక కన్ను పూర్తిగా పోయింది. పొద్దున లేచి మూలకొచ్చి నిలబడుతుంది మేత కోసం. ఈ మధ్య మేత వేసే పని నాయనమ్మ తీసుకుంది. నన్ను వేయనివ్వట్లేదు, నీకు లెక్క తెలీదంటోంది.

ఇదండీ ఈరోజు ఎపిసోడ్. మళ్లీ కలుద్దాం, ఉంటాను.